కలం మనది, కాగితం ఎవరిది?

1

మన సాహిత్య చరిత్రలు కవుల పుట్టుపూర్వోత్తరాలు చెబుతాయి; కావ్యాల కాలనిర్ణయం చేస్తాయి; ఉద్యమాలను, ధోరణులను వింగడిస్తాయి. కాని రాసినవాడి చేతిలో ఉన్న పనిముట్టు ఏమిటి, రాసినదాన్ని పాఠకుడికి చేర్చిన సాధనం ఎవరి అధీనంలో ఉంది అన్న ప్రశ్న వాటిలో సాధారణంగా కనిపించదు. తాటాకు, గంటం, వ్రాయసకాడు, అచ్చుయంత్రం, సీసపు అక్షరాలు - ఇవన్నీ పీఠికలో ఒక వాక్యంతో సరిపెట్టుకోవలసిందే. సాధనం మారినప్పుడు రాసేవాళ్లు మారతారు, చదివేవాళ్లు మారతారు, భాష గూడా మారుతుందన్నది మనం సూత్రప్రాయంగా ఒప్పుకున్న విషయమే. ఒప్పుకున్న సూత్రాన్ని మన కాలానికి అన్వయించి చూడడంలోనే వెనకబడ్డాం.

కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక ప్రారంభించి, కొంతకాలానికి రాజమహేంద్రవరంలో సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషావాదాన్ని నిలబెట్టడానికి 1919లో 'తెలుగు' పేరుతో తానే ఒక పత్రిక నడిపారు. కొత్తమాట చెప్పదలచినవాడికి పరుల సాధనం ఎంతోదూరం తోడురాదని వారికి అనుభవపూర్వకంగా తెలుసు. ఆ తెలివిడి మన తరానికి ఎందుకు లోపించిందో పరిశీలించడానికే ఈ వ్యాసం.

దీనికి ప్రేరణ నా సొంత పొరపాటు ఒకటి. చీరాల ప్రాంతంలో నేను మొదట ఉద్యోగంలో చేరిన ఉన్నత పాఠశాలకు పూర్వం ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నేతపనివారి ఇంట పుట్టి, పగలు బడికీ రాత్రి మగ్గం గుంటకూ మధ్య పెరిగినవారు. తల్లిదండ్రుల కష్టాన్నీ, తన బాల్యాన్నీ ఒక లాంగ్‌సైజు నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నారు. పత్రికలకు పంపితే 'నిడివి ఎక్కువ' అన్న జవాబో, మౌనమో ఎదురైంది. 2008లో నేను ఆ నోటుపుస్తకం తీసుకుని, వారానికో భాగం చొప్పున టైపు చేసి, ఒక ఉచిత సేవలో బ్లాగు తెరిచి ప్రచురించాను. మొత్తం 41 భాగాలు. ఊరు వదిలి ఎక్కడెక్కడో స్థిరపడిన నేతగాళ్ల పిల్లలు చదివి, తమ ఇళ్ల సంగతులు గూడా రాసి పంపారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ సేవను నడిపే సంస్థ దాన్ని మూసివేసింది. ముందస్తు నోటీసు పంపిన ఈమెయిలు చిరునామాను నేను అప్పటికే వాడడం మానేశాను. ఈలోగా ఇంటికి సున్నాలు వేయించే రోజున, 'కంప్యూటర్లోకి ఎక్కింది గదా' అని మాస్టారి ఇంట్లోవాళ్లు ఆ నోటుపుస్తకాన్ని పాత కాగితాలతోబాటు తూకానికి వేసేశారు.

నిరుడు ఆయన నన్ను అడిగారు: "ఏమయ్యా, మన రాతలు ఎక్కడున్నాయి?"

ఆయనకు ఎనభై దాటాయి. నా దగ్గర జవాబు లేదు. జవాబు వెతుక్కుంటూ బ్లాగు రచనా సాధనాల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివిన మీదట నాకు తోచింది ఇది: ఈ పాతికేళ్లలో ప్రతి కొత్త సాధనం రాతను సులువు చేసింది, కాని సులువు చేసిన ప్రతిసారీ రాసినదాని మీద రచయితకు పట్టు పెరిగిందా, తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ ఒకటిగా భ్రమించడమే నేను చేసిన తప్పు.

2

వెబ్ అనేది పుట్టుకలోనే చదవడానికీ రాయడానికీ ఉమ్మడి సాధనంగా పుట్టింది. 1990లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో తయారుచేసిన మొదటి బ్రౌజరు పేజీని చూపించడమే గాక, దాన్ని దిద్దే వీలు గూడా ఇచ్చింది. అయితే 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడి లోకమంతా వ్యాపించిన మొజాయిక్ బ్రౌజరులో చదివే భాగమే ఉంది. రాసే భాగం రాలిపోయింది. ఇది సాంకేతికంగా చిన్న విషయంలా కనిపించవచ్చు. కాని చదువరి వేరు, రచయిత వేరు అన్న పాత విభజన కొత్త మాధ్యమంలోకి అప్పుడే ప్రవేశించిందని మనం గ్రహించాలి.

ఆ రోజుల్లో సొంత పేజీ నడపదలచినవాడి శ్రమ ఎలాంటిదో చెప్పకపోతే తర్వాతి మార్పు అర్థం కాదు. అతనికి హెచ్.టి.ఎం.ఎల్. గుర్తులు తెలియాలి. పేరా మొదలైతే ఒక గుర్తు, ముగిస్తే ఒక గుర్తు, అక్షరం లావు చేయాలంటే మరో గుర్తు. కొత్త మాట రాసిన ప్రతిసారీ పాతవాటిని కిందికి జరపాలి, నెల తిరగగానే వాటిని వేరే పేజీకి మార్చాలి, విషయసూచిక చేత్తో దిద్దాలి. తర్వాత ఎఫ్.టి.పి. అనే పద్ధతిలో ఫైలును సర్వరుకు పంపాలి. ఎక్కడో ఒక గుర్తు తప్పితే పేజీ అంతా చెదిరిపోతుంది. అంటే రచయితే కంపోజిటరు, ప్రూఫులు దిద్దేవాడు, యంత్రం తిప్పేవాడు. ఇంత పని చేతనైనవాళ్లు సహజంగానే కంప్యూటరు వృత్తిలో ఉన్నవాళ్లు. అందుకే తొలినాటి వెబ్‌లాగులు ఎక్కువగా వారి లోకాన్ని గురించే మాట్లాడాయి. 'వెబ్‌లాగ్' అన్న పేరును 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ వాడుకలోకి తెచ్చాడు. 1999లో పీటర్ మెర్హోల్జ్ ఆ మాటను సరదాకు విరిచి 'బ్లాగ్' చేశాడు.

ఆ 1999లోనే పరిస్థితి మారింది. ఏప్రిల్‌లో బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ లైవ్‌జర్నల్ ప్రారంభించాడు. ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ నుంచి ఎవన్ విలియమ్స్, మెగ్ హూరిహాన్‌ల బృందం బ్లాగరును విడుదల చేసింది. ఆ సంస్థ అసలు సరుకు బ్లాగరు కాదు. ఆఫీసు పనుల నిర్వహణకు పనికివచ్చే వేరే సాఫ్ట్‌వేరు. పక్కన చేసిన పనిముట్టే చరిత్రలో నిలిచింది.

బ్లాగరు చేసిన పని పైకి చాలా చిన్నది. తెర మీద ఒక ఖాళీ పెట్టె. అందులో మామూలు మాటలు రాసి మీట నొక్కితే చాలు. గుర్తులు పెట్టడం, తేదీ వేయడం, పాతవాటిని కిందికి తోయడం, నెలవారీ కట్ట కట్టడం అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. మొజాయిక్ నాడు రాలిపోయిన రాసే భాగం మళ్లీ బ్రౌజరులోకి వచ్చి చేరింది. సాంకేతిక విద్యకూ రచనకూ మధ్య ఉన్న ముడి తెగింది.

ఇక్కడ సాహిత్య విద్యార్థులు శ్రద్ధగా గమనించవలసిన విషయం ఒకటుంది. మొదట్లో బ్లాగరు తయారుచేసిన పేజీని ఎఫ్.టి.పి. ద్వారా రచయిత సొంత సర్వరుకే పంపించేది. పనిముట్టు వారిది, పేజీ రచయితది. సొంత సర్వరు లేనివారి కోసం 2000లో బ్లాగ్‌స్పాట్ వచ్చింది. చోటు గూడా వారే ఇచ్చారు. చిల్లిగవ్వ ఖర్చు లేదు గనక అధిక సంఖ్యాకులు అక్కడికే చేరారు. అది తప్పని నేననను. నెలనెలా సర్వరు అద్దె కట్టుకోలేని బడిపంతులుకు అదే దిక్కయింది. కాని చోటు ఇచ్చినవారి దశ ఎలాంటిదో 2001లోనే బయటపడింది. పైరా సంస్థకు డబ్బు అయిపోయింది. సర్వర్లు కొనడానికి వాడుకదారులే చందాలిచ్చారు. జనవరిలో ఉద్యోగులు వెళ్లిపోగా విలియమ్స్ కొంతకాలం ఒంటరిగా దాన్ని నడిపాడు. 2003 ఫిబ్రవరిలో గూగుల్ ఆ సంస్థను కొన్నది. 2010లో ఎఫ్.టి.పి. పద్ధతి రద్దయింది. దాంతో బ్లాగరుతో తయారైన పేజీ రచయిత సొంత సర్వరులో నిలిచే ఏర్పాటు పోయింది. పదకొండేళ్లలో పని నానాటికీ సులువైంది. పేజీ మాత్రం రచయిత ఇంటి నుంచి సంస్థ ఇంటికి మారింది.

3

దీనికి సమాంతరంగా మరో చరిత్ర నడిచింది. 2001లో బెన్ ట్రాట్, మేనా ట్రాట్ దంపతులు మూవబుల్ టైప్ అనే సాధనాన్ని విడుదల చేశారు. పేరు అచ్చు చరిత్ర నుంచి తీసుకున్నదే: విడివిడి అక్షరపు పోతలు అని అర్థం. దాన్ని రచయిత తన సర్వరులోనే స్థాపించుకోవాలి. విషయాలవారీగా విభజన, పాఠకుల వ్యాఖ్యలు, ఒక బ్లాగు నుంచి ఇంకో బ్లాగుకు సమాచారం అందించే ఏర్పాటు - ఇవన్నీ అందులో పుష్టిగా ఉండేవి. వ్యక్తిగత వాడుకకు డబ్బు అడగలేదు. అందువల్ల చాలామంది దాన్ని తమదే అనుకున్నారు. 2004 మే నెలలో మూడో కూర్పు వచ్చినప్పుడు, ఎందరు రచయితలు, ఎన్ని బ్లాగులు అన్న లెక్కను బట్టి రుసుములు ప్రకటించారు. సంస్థకు ఆ హక్కు ఉంది. ఉచితం అన్నంత మాత్రాన సొంతం కాదని వాడుకదారులకు అప్పుడు తెలిసింది.

వాళ్లలో అనేకులు వలసపోయిన చోటు వర్డ్‌ప్రెస్. దాని పుట్టుక బోధపడితే ఈ వ్యాసంలోని వాదం సగం బోధపడినట్టే. ఫ్రాన్సుకు చెందిన మిషెల్ వాల్‌డ్రిగి 2001లో బి2 అనే బ్లాగు సాధనం రాసి, దాన్ని జి.పి.ఎల్. అనే ఉమ్మడి లైసెన్సు కింద విడుదల చేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు, దిద్దినదాన్ని పంచవచ్చు. పంచేటప్పుడు అదే స్వేచ్ఛను ఎదుటివాడికీ ఇవ్వాలి. కొంతకాలానికి ఆయన పని ఆగిపోయింది. మామూలు సరుకైతే కథ అక్కడితో ముగిసేది. 2003 జనవరిలో హ్యూస్టనులో చదువుకుంటున్న పందొమ్మిదేళ్ల మ్యాట్ ముల్లెన్‌వెగ్, తన బ్లాగు సాధనం అనాథ అయిందనీ, దాన్ని ముందుకు తీసుకుపోవాలని ఉందనీ రాశాడు. ఇంగ్లండు నుంచి మైక్ లిటిల్ తానూ కలుస్తానన్నాడు. ఆ ఏడాది మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి కూర్పు వెలువడింది. ఎవరి అనుమతీ అడగవలసిన అవసరం రాలేదు. ఆ అనుమతి లైసెన్సులోనే ఉంది. తయారుచేసినవాడు తప్పుకున్నా పనిముట్టు బతకడానికి కారణం అతని మంచితనమొక్కటే అనలేం. ఉమ్మడి యాజమాన్యపు ఒడంబడికే అసలు కారణం.

అయితే వర్డ్‌ప్రెస్‌లో గూడా ఒక వైరుధ్యం ఉంది. మూవబుల్ టైప్ ప్రధానంగా ప్రతి పేజీని ముందే తయారుచేసి ఫైలుగా నిలవ ఉంచేది. ఏమైనా మారిస్తే పేజీలన్నీ తిరిగి కట్టాలి; అది ఆలస్యం, విసుగు. వర్డ్‌ప్రెస్‌లో రచన డేటాబేసులో ఉంటుంది; పాఠకుడు అడిగిన క్షణాన పేజీ తయారవుతుంది. రచయితకు ఇది ఎంతో హాయి. కాని ఫైలుగా ఉన్న పేజీని తీసి ఎక్కడ పెట్టినా చదువుకోవచ్చు. డేటాబేసు ఆగితే పేజీ అన్నదే లేదు. అచ్చుపుస్తకానికీ నాటక ప్రదర్శనకూ ఉన్న తేడా లాంటిది ఇది. నిర్వాహకుడు లైటు ఆర్పితే నాటకం ఆగుతుంది.

4

ఇంతవరకూ చెప్పింది రోమన్ లిపి లోకం సంగతి. 1999లో అమెరికాలో తెరుచుకున్న ఆ ఖాళీ పెట్టెలో తెలుగు అక్షరం పట్టలేదు. తెలుగు బ్లాగు చరిత్ర నిజానికి ప్రచురించే సాధనంతో మొదలు కాలేదు. అక్షరం దిగే సాధనంతో మొదలైంది.

ఆనాటి తెలుగు ఫాంట్లు చేసిన పని ఒక రకమైన మారువేషం. కంప్యూటరు లోపల ఉండేది రోమన్ అక్షరపు సంకేతమే. దాని బొమ్మ స్థానంలో తెలుగు బొమ్మ పెట్టేవారు. ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట అర్థంలేని గుర్తుల గుంపు. పైపెచ్చు ఒక్కో ఫాంటు సంస్థది ఒక్కో అమరిక. దినపత్రికలు వేటికవి సొంత ఫాంట్లతో వెబ్‌లోకి వచ్చాయి. ఒక పత్రిక వార్తను ఇంకోచోట అతికిస్తే చదవలేం, వెతకలేం. డి.టి.పి. కేంద్రాల్లో అను ఫాంట్లదే రాజ్యం. ఆ ఫైలు పుస్తకానికి పనికివస్తుంది గాని వెబ్‌కు పనికిరాదు. ఒకే రచనను అచ్చుకు ఒకసారి, వెబ్‌కు ఒకసారి టైపు చేయించిన రచయితలు నాకు తెలుసు. ప్రతి దుకాణానికీ సొంత తూకపురాయి ఉంటే బజారు ఎలా ఉంటుందో తెలుగు లిపి అలా ఉండేది.

ఈ స్థితికి ముందే, 1990ల తొలిరోజుల్లో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతిని ఏర్పరిచారు. దాన్ని ఆర్.టి.ఎస్. అన్నారు. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. పెద్ద ఎన్ ణ, పెద్ద ఎల్ ళ. నియమం నేర్చుకుంటే ఏ మాటనైనా తప్పు లేకుండా రాయవచ్చు. ఇంటికి దూరమైనవారు తమ అవసరం కొద్దీ చేసుకున్న పనిముట్టు ఇది. తర్వాతి కాలంలో లక్షణంగా ఇంటికే చేరింది.

రెండో ఆధారం యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికింది. మన దేశంలో 1980లలో రూపొందిన ఇస్కీ ప్రమాణమే భారతీయ లిపుల అమరికకు అక్కడ ప్రాతిపదిక అయింది. యూనికోడ్‌లో సంకేతం బొమ్మకు కాక అక్షరానికి ఇస్తారు. 'తెలుగు' అన్న మాటలో ఆరు సంకేతాలుంటాయి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. వాటిని కలిపి బొమ్మ గీయడం కంప్యూటరు బాధ్యత. ఫాంటు మారినా అక్షరం మారదు. కాని ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు చూపే శక్తి చేరింది; దాన్ని గూడా పనిగట్టుకుని సెట్టింగుల్లో తెరవాలి. ఊళ్లలో నెట్ సెంటరు నడిపేవారికి ఆ సంగతే తెలియదు. నేను 2006లో గంటకు ఇరవై రూపాయలిచ్చి కూర్చున్న కుర్చీలో మొదటి అరగంట తెలుగు కనిపించేట్టు చేయడానికే సరిపోయేది.

ఈ ఆధారాలను కలిపినవి వ్యక్తులు స్వచ్ఛందంగా చేసిన చిన్న పనిముట్లు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, పత్రికల సొంత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే సాధనం తయారుచేశారు. దాని ఆధారంగానే 2006లో వీవెన్ 'లేఖిని'ని రూపొందించారు. ఒకే ఒక పేజీ. ఒక పెట్టెలో రోమన్ అక్షరాలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు ప్రత్యక్షమవుతుంది. తీసుకుపోయి బ్లాగులో అతికించుకోవడమే. ఏ సీడీ అక్కర్లేదు, కంప్యూటరు యజమానిని బతిమాలనక్కర్లేదు. కీబోర్డు మీద ఇంగ్లీషు తప్ప ఎరగని వేళ్లకు తెలుగు వచ్చింది. మాస్టారి 41 భాగాలూ నేను లేఖినిలో కొట్టినవే.

2007లో గూగుల్ మరో రకం లిప్యంతరీకరణ ప్రవేశపెట్టింది. ఇందులో నియమం నేర్చుకోనక్కర్లేదు. ఎలా కొట్టినా ఉద్దేశించిన మాటను యంత్రమే ఊహించి అందిస్తుంది. ఈ ఊహించే పద్ధతి అనేక సాధనాల్లోకి వ్యాపించింది. నేర్చుకునే శ్రమ పోయినమాట నిజమే. అయితే ఊహకు ఆధారం అప్పటికే పోగైన పాఠం. ఆ పాఠంలో లేని మాట ఊహకు అందదు. అలాంటి సాధనాల్లో ఒకదానితో నేను 'నాడె' అని కొడితే 'నాడే' అని వచ్చేది. 'కండె' అంటే 'కండ' అని వచ్చేది. మగ్గం పక్కన పుట్టిన మాట ప్రతిసారీ దిద్దుబాటుకు లోనయ్యేది. లేఖినికి నేత తెలియదు గాని, నేను చెప్పింది రాసేది. రెండోదానికి ఎంతో తెలుసు గనక నా మాట వినేది కాదు. గిడుగువారు ఏ పండితులతో పోరాడారో, ఆ పండితుడు ఈసారి యంత్రం లోపల కూర్చున్నాడని నాకనిపించింది.

5

అక్షరం దిగగానే 2006 నుంచి నాలుగైదేళ్లు తెలుగు బ్లాగు పొంగింది. వీవెన్ ప్రారంభించిన 'కూడలి' కొత్త రాతలన్నింటినీ ఒక్కచోట చూపించేది. 1999లో నెట్‌స్కేప్ నుంచి పుట్టిన ఆర్.ఎస్.ఎస్. అనే అమరిక దీనికి ఆధారం. ఏ బ్లాగు ఏ సంస్థ సేవలో ఉన్నా, దాని శీర్షిక, తొలి వాక్యాలు ఒకే రూపంలో అందుతాయి. ఎవరింట్లో వాళ్లుండి, ఊరి నడిబొడ్డున కలుసుకోవడమన్నమాట. ఇంతకంటె ప్రజాస్వామికమైన ఏర్పాటు తెలుగు వెబ్‌లో తర్వాత నేను చూడలేదు.

సాహిత్యం మీద దీని ప్రభావం మూడు విధాలుగా కనిపించింది. మొదటిది ప్రక్రియ. సాధనం ప్రతి రాతకూ తేదీ వేసి, కొత్తది పైన పెడుతుంది. అందువల్ల జ్ఞాపకం, దినచర్య, చదివిన పుస్తకం మీద నాలుగు మాటలు, ఊరి ముచ్చట - పత్రికలు మూడో తరగతిగా చూసినవన్నీ ముందుకొచ్చాయి. కొసమెరుపు లేకుండా కథ ఆపవచ్చునని కొందరికి అప్పుడే ధైర్యం వచ్చింది. రెండోది రాసేవాళ్లు. ఇంటిపని ముగిశాక దొరికిన గంటలో స్త్రీలు రాశారు. సంపాదకుడి తిరుగుటపా కోసం ఎదురుచూడనక్కర్లేకపోయింది. మూడోది భాష. పోస్టును 'టపా' అన్నారు, ఇంటర్నెట్‌ను 'అంతర్జాలం' అన్నారు. లేఖిని, కూడలి, జల్లెడ అంటూ పనిముట్లకు ఇంటి పేర్లు పెట్టుకున్నారు. ఏ అకాడమీ పారిభాషిక పదకోశమూ వెలువరించని మాటలు వాడుకలో నిలిచాయి.

పరిమితులను దాచడం చరిత్రకారుడి పని కాదు. రాసినవారిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, ప్రవాసులు, నగరవాసులే ఎక్కువ. నేతగాడు తానుగా రాలేదు; ఆయన నోటుపుస్తకాన్ని మోసుకొచ్చిన బడిపంతులు వచ్చాడు. సంపాదకుడు లేకపోవడం స్వేచ్ఛే గాని, దిద్దేవాడు లేకపోవడం నష్టం గూడా. ఈ-తెలుగు కార్యకర్తలు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికి కంప్యూటరులో తెలుగు రాయడం చూపించారు. అలాంటి కృషి ప్రతి మండల కేంద్రానికీ చేరి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. మన రచయితల సంఘాలు ఆ బాధ్యత తీసుకోలేదు. సభలు పెట్టాం, సంకలనాలు వేశాం. అక్షరం దిగే పనిముట్టు గురించి ఒక్క శిక్షణ తరగతి పెట్టలేదు. ఈ ఆత్మవిమర్శ నాకూ వర్తిస్తుంది.

తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది. అక్కడ రాత మరింత సులువు, పాఠకుడు అప్పటికే హాజరు. 2013 జులై 1న గూగుల్ రీడరు మూతపడడంతో ఆర్.ఎస్.ఎస్. ద్వారా చదివే అలవాటు బాగా దెబ్బతిన్నది. ఎవరింట్లో వారుండి నడిబొడ్డున కలుసుకునే ఏర్పాటు పోయి, అందరూ ఒకే యజమాని లోగిలిలో మాట్లాడుకునే ఏర్పాటు వచ్చింది. ఎవరి మాట ఎవరికి వినిపించాలో ఆ యజమాని లెక్కే నిర్ణయిస్తుంది. మూడేళ్ల కిందటి కవిత వెతుక్కోవాలంటే కవికే దొరకని స్థితి.

6

పనిముట్లు ఇంకా సులువవుతూనే ఉన్నాయి. 2017 ఆగస్టులో గూగుల్ మాటను అక్షరంగా మార్చే సదుపాయం తెలుగుకూ ఇచ్చింది. మా తొమ్మిదో తరగతి పిల్లలు వ్యాసాన్ని ఫోనుకు చెప్పి రాయిస్తున్నారు. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ అయిదో కూర్పు గుటెన్‌బర్గ్ పేరుతో కొత్త రచనా పద్ధతి తెచ్చింది: పేరా, బొమ్మ, శీర్షిక దేనికదే ఒక దిమ్మ. అచ్చువేసేవాడు దిమ్మలు పేర్చినట్టు పేర్చుకోవచ్చు. అదే వర్డ్‌ప్రెస్ లోకంలో 2024 సెప్టెంబరులో పెద్ద తగాదా రేగింది. ఒక హోస్టింగ్ సంస్థను వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ సర్వర్ల నుంచి నిలిపివేయగా, దాని ఖాతాదారులు కూర్పులు దిద్దుకోవడానికి ఇబ్బంది పడ్డారు. డిసెంబరులో అమెరికా కోర్టు జోక్యం చేసుకుంది. పనిముట్టు ఉమ్మడిదైనా, అది దొరికే గుమ్మం ఒకరి చేతిలో ఉంటే చిక్కు తప్పదని ఇది చెబుతున్నది.

కనక రచయితగా నేను ప్రతి సాధనాన్నీ మూడు ప్రశ్నలు అడగాలనుకుంటున్నాను. నా మాటను నేను చెప్పినట్టే రాస్తుందా? రాసినదాన్ని మొత్తంగా మూటకట్టి వేరేచోటికి తీసుకుపోనిస్తుందా? యజమాని తప్పుకున్నా ఇంకొకరు దాన్ని నడిపే హక్కు ఉందా? రెండోదానికి నేడు చాలా సేవల్లో అవకాశం ఉంది. బ్లాగరులోనూ, వర్డ్‌ప్రెస్‌లోనూ రాతలన్నీ ఒక ఫైలుగా దింపుకోవచ్చు. గూగుల్ 2011 నుంచి టేకౌట్ పేరుతో మన సమాచారం మనకిచ్చే ఏర్పాటు చేసింది. ఆ మీట నాలుగు నిమిషాల పని. ఎందరం నొక్కాం? నేను నొక్కలేదు. సంస్థ మూసివేయడం ఒక కారణం. నా నిర్లక్ష్యం ఇంకో కారణం. మొదటిదాన్ని తిట్టి రెండోదాన్ని కప్పిపుచ్చుకోవడం విమర్శ అనిపించుకోదు.

1996లో అమెరికాలో ప్రారంభమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ పాత వెబ్ పేజీల నకళ్లు దాస్తుంది. 2001 నుంచి ఎవరైనా వెతుక్కోవచ్చు. పాత చిరునామా పట్టుకుని అక్కడ గాలించాను. 41లో 9 భాగాలు దొరికాయి. ఫాంటు మారువేషాల కాలంలో రాసి ఉంటే ఆ తొమ్మిదీ ఇవాళ చదవగలిగేవి కావు. యూనికోడ్‌లో ఉన్నాయి గనక మాస్టారి మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. 'ఆసు పోసేది మా అమ్మ, పేరు మోసేది మా నాన్న' అన్న ఆయన వాక్యం దొరికినప్పుడు కాసేపు ముందుకు చదవలేకపోయాను.

ఆ తొమ్మిదింటినీ కాగితం మీద అచ్చు తీసి ఆయనకిచ్చాను. మిగిలిన 32 భాగాలను ఆదివారాల్లో ఆయన చెబుతున్నారు. మా బడిలో చదివే ఇద్దరు పిల్లలు, నేను రాసుకుంటున్నాం. వీలైనంత గుర్తు తెచ్చుకుంటున్నారు గాని, పాత నోటుపుస్తకంలో ఉన్న పేర్లు, కూలి లెక్కలు కొన్ని ఇక రావు. ప్రతి భాగాన్నీ మామూలు పాఠం ఫైలుగా మూడుచోట్ల దాస్తున్నాం. ఒక ప్రతి బడి గ్రంథాలయం బీరువాలో కాగితం మీద ఉంటుంది. ఆ తర్వాతే బ్లాగులో పెడుతున్నాం.

మొన్న ఒక పిల్లవాడు 'నాడె' అని కొడితే తెర మీద వేరే మాట వచ్చింది. వాడు దాన్ని అలాగే వదిలేయబోయాడు. మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని, వంగి చూసి, "అది కాదురా అబ్బాయ్, దిద్దు" అన్నారు.